తెలిసి చేసిన పాపం, రోజూ అడిగే క్షమాపణ

ప్రశ్న: నాలుగేళ్ల కిందట నేను పనిచేసే ఆఫీసులో నగదు కొంచెం కొంచెంగా తీసుకున్నాను. లెక్కలో తేడా బయటపడితే నా కింద పనిచేసే కుర్రాడి మీదికి పోయేలా కాగితాలు ముందే సర్దిపెట్టాను. అలాగే జరిగింది. విచారణలో అతనికి వ్యతిరేకంగా చెప్పింది కూడా నేనే. అతని ఉద్యోగం పోయింది. ఆ పని చేస్తున్నప్పుడే "తర్వాత దేవుణ్ణి క్షమాపణ అడుగుదాంలే" అనుకున్నాను. ఇప్పుడు అదే నన్ను ఎక్కువ తినేస్తోంది. రోజూ రాత్రి అడుగుతూనే ఉన్నాను, మనసుకి నెమ్మది లేదు. హెబ్రీయులకు 10:26 చదివినప్పటి నుంచి నాకిక క్షమాపణ లేదేమోనని భయం పట్టుకుంది. మా సంఘంలో ఒక పెద్దాయనకి పైపైన చెబితే "ప్రభువు రక్తం కింద కప్పబడిపోయింది, మళ్లీ తవ్వుకోవద్దు" అన్నారు. ఆ కుర్రాడికి చెప్పాలా? సండే స్కూల్లో పాఠం చెబుతున్నాను, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణలో) చెయ్యి వేస్తున్నాను. ఇవి మానేయాలా?

సమాధానం:

సోదరా, మీకు క్షమాపణ ఉంది. ఆ కుర్రాడికి చెప్పాలి కూడా. మీ సంఘ పెద్దగారు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేశారు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ మీరు పైపైన చెప్పారు కాబట్టి ఆయన జవాబూ పైపైనే వచ్చింది. ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఒకడున్నాడని తెలిస్తే ఆయన అలా అనేవారు కాదేమో.

ముందు మీ భయం సంగతి చూద్దాం. "మనము సత్యమునుగూర్చి అనుభవజ్ఞానము పొందిన తరువాత బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల పాపములకు బలి యికను ఉండదు" అన్న మాట విడిగా చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ తెలిసి చేసిన ప్రతి పాపానికీ ఈ వచనం తలుపు మూసేస్తుందని అనుకుంటే సంఘాలన్నీ ఖాళీ అయిపోతాయి, ప్రసంగ వేదికతో సహా. అబద్ధం పొరపాటున నోట్లోంచి రాదు, దొంగతనం కునికిపాట్లలో జరగదు. మనం ఒప్పుకునే పాపాల్లో ఎక్కువ భాగం బుద్ధిపూర్వకంగా చేసినవే.

ఆ వచనం ఎవరి గురించో అదే అధ్యాయంలో ఉంది. మూడు వచనాలు కిందికి వెళ్లండి. 29లో ఆ పాపం ఏమిటో రాశాడు: దేవుని కుమారుణ్ణి కాళ్లతో తొక్కడం, తనను పరిశుద్ధపరచిన నిబంధన రక్తాన్ని అపవిత్రమైనదిగా ఎంచడం, కృపకు మూలమైన ఆత్మను తిరస్కరించడం. పైన 25లో సమాజంగా కూడుకోవడం మానేస్తున్నవారి ప్రస్తావన ఉంది. 32 నుంచి 34 వరకు చూస్తే, ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు ఒకప్పుడు విశ్వాసం కోసం అవమానాలు పడ్డారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. ఇప్పుడు అలసిపోయి క్రీస్తునే వదిలేద్దామా అనే స్థితికి వచ్చారు. వాళ్లతో అంటున్న మాట ఇది: ఈ ఒక్క బలిని విసిరికొడితే ఇంకెక్కడా ఇంకో బలి లేదు. మీరు రోజూ రాత్రి ఆ బలి దగ్గరికే పరుగెత్తుతున్నారు. విసిరికొట్టినవాడు చేసే పని అది కాదు. పరిశుద్ధాత్మకు విరోధమైన దూషణ గురించి కూడా ఇలాగే భయపడేవాళ్లున్నారు. మార్కు 3:28-30 చదవండి. యేసు చేస్తున్న పనిని కళ్లారా చూస్తూ అది దయ్యాల అధిపతి పని అని తీర్మానించిన శాస్త్రులతో అన్నమాట అది. ఆ పాపం చేశానేమోనని వణికేవాడు సాధారణంగా అది చేసినవాడు కాడు.

అలాగని హెచ్చరికను పూర్తిగా పక్కన పెట్టేయకండి. తీసుకున్నది దగ్గరే ఉంచుకుని, కుర్రాడి పేరు మీద మచ్చ అలాగే ఉండనిచ్చి, రాత్రి ప్రార్థన మాత్రం కొనసాగిస్తే అది నాలుగేళ్ల కిందటి పాపంగా మిగలదు, ఈరోజు కూడా జరుగుతున్నట్టే. ఆ వచనం మిమ్మల్ని భయపెట్టడంలో మేలు ఏదైనా ఉందంటే అది ఇక్కడే.

తెలిసి చేసిన తప్పుకి మోషే ధర్మశాస్త్రంలో బలి లేదని కొందరు గట్టిగా చెబుతారు. వాళ్లు చూపించేది సంఖ్యాకాండము 15:30-31. అక్కడ దేవుణ్ణి ధిక్కరిస్తూ తలెత్తుకుని చేసిన పాపం గురించి ఉంది, అలాంటివాణ్ణి జనంలోంచి కొట్టివేయాలని ఉంది. నిజమే. కానీ లేవీయకాండము 6:1-7 కూడా అదే ధర్మశాస్త్రం. అక్కడున్న పాపాల జాబితా చూడండి: ఒకరు నమ్మి అప్పగించినదాని గురించి బొంకడం, దోచుకోవడం, పొరుగువాణ్ణి పీడించి తీసుకోవడం, దొరికిన వస్తువు దొరకలేదనడం, దాని మీద అబద్ధ ప్రమాణం చేయడం. వీటిలో తెలియక చేసేది ఏది? మీ కేసు దాదాపు అక్షరాలా అక్కడ ఉంది. అయినా ఆ ఏడు వచనాలూ "అతనికి క్షమాపణ కలుగును" అన్న దిక్కుకే నడుస్తాయి. అయితే దారిలో ఒక మెట్టు ఉంది. తీసుకున్నది పూర్తిగా ఇచ్చేయాలి, దానికి అయిదో వంతు కలపాలి, అంటే వందకు నూట ఇరవై. అదీ సొంతదారుడికే ఇవ్వాలి, అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే ఇవ్వాలి. పొట్టేలును యాజకుడి దగ్గరికి తోలుకొచ్చి, సొమ్ము మాత్రం ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. సంఖ్యాకాండము 5:7 దీనికి ఇంకో మాట జోడించింది: చేసిన పాపం ఒప్పుకోవాలి.

దావీదు రాజు సంగతి ఇంకా కఠినం. ఊరియా భార్య బత్షెబ విషయంలోనూ ఊరియా విషయంలోనూ అతను చేసింది క్షణికావేశం కాదు. ఊరియాను యుద్ధం ఉధృతంగా ఉన్నచోట పెట్టి వెనక్కి తగ్గమని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాసి, ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తర్వాత బిడ్డ పుట్టేదాకా నోరు మెదపలేదు. ప్రవక్త నాతాను వచ్చి ముఖం మీద చెప్పాక "నేను పాపము చేసితిని" అన్నాడు. అదే వచనంలో, 2 సమూయేలు 12:13లో, పాపం పరిహారమైందనే జవాబు వచ్చింది. వ్యభిచారానికీ హత్యకూ ధర్మశాస్త్రం ఏ బలీ చెప్పలేదు. 51వ కీర్తనలో "నీవు బలిని కోరువాడవు కావు" అని అతను అనడం వెనక ఆ సంగతి కూడా ఉంది. ఇవ్వడానికి చేతిలో ఏదీ లేనివాడి ప్రార్థన అది. దావీదు పాపం ఎలాంటిదంటే, దానికి క్షమాపణ దొరికాక, కావాలని చేశాను కాబట్టి నాకు దొరకదని ఇంకెవరూ వాదించలేరు.

ఈ ప్రశ్న సంఘానికి కొత్త కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించామని పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. కొందరు విశ్వాసులు భయపడి బలి అర్పించారు. ఇంకొందరు బలి అర్పించకుండానే లంచమిచ్చి దొంగ పత్రం కొనుక్కున్నారు. అన్నీ తెలిసి చేసినవే. హింస తగ్గాక వాళ్లంతా ఏడుస్తూ తిరిగొచ్చారు. రోములో నొవాషియన్ అనే సంఘ పెద్ద వాళ్లను ఎప్పటికీ చేర్చుకోకూడదన్నాడు. కార్తేజు బిషప్ సిప్రియన్ ఒప్పుకోలు, పశ్చాత్తాప కాలం ఉండాలి, ఆ తర్వాత చేర్చుకోవాలి అన్నాడు. సంఘం రెండో మాట వెంట నడిచింది. ఊరికే రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

ఇక మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్న మాట: "తర్వాత అడుగుదాంలే." ఇది డబ్బు తీయడం కంటే వేరే పాపం, కాబట్టి విడిగానే ఒప్పుకోవాలి. ఇన్నాళ్ల ప్రార్థనల్లో ఇది పేరు పెట్టి చెప్పారా? చాలామంది చెప్పరు. చేసిన పని ఒప్పుకుంటారు గాని, దేవుడి మంచితనాన్ని ముందే లెక్కలో వేసుకుని చేశానన్న సంగతి దాటేస్తారు, అది మరీ సిగ్గుచేటుగా ఉంటుంది కాబట్టి. "దురభిమాన పాపములలో పడకుండ నీ సేవకుని ఆపుము" అని 19వ కీర్తన ప్రార్థించింది ఇలాంటి వాటి గురించే. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని పౌలు అడిగింది కూడా ఈ లెక్క వేసుకునేవాళ్లనే.

అప్పుడు ముందే అనుకున్నాను కాబట్టి ఇప్పటి పశ్చాత్తాపం కూడా ఆ పథకంలో భాగమే కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆ రోజు మీరు అనుకున్నది ఖర్చు లేని క్షమాపణ. రాత్రి నాలుగు మాటలు అనుకుని నిద్రపోవడం మీ పథకం. అందులో కుర్రాడి ఇంటికి వెళ్లడం లేదు, డబ్బు తిరిగి కట్టడం లేదు, ఆఫీసుకి ఉత్తరం రాయడం లేదు. కాబట్టి ఇప్పటి దుఃఖం నిజమైనదో కాదో మీ కన్నీళ్లను బట్టి తేల్చలేం. పథకంలో లేని పని చేయడానికి మీరు ఒప్పుకుంటున్నారా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. పౌలు 2 కొరింథీయులకు 7:10లో "దైవచిత్తానుసారమైన దుఃఖము" అన్నాక, తర్వాతి వచనంలో దాన్నిబట్టి కొరింథువాళ్లలో ఏమేం పుట్టాయో వరసగా చెప్పాడు: జాగ్రత్త, భయం, ఆశ, ఆసక్తి, ఇంకా. ఎంతసేపు ఏడ్చారన్నది ఆ వరసలో లేదు.

మీ ప్రార్థనలో ఏం లోటుందో అర్థం కావాలంటే ఒక పని చేయండి. ఒక కాగితం తీసుకుని, ఏం తీశారు, ఎన్నిసార్లు, మొత్తం ఎంత, ఏ కాగితాలు మార్చారు, విచారణలో ఏ అబద్ధం చెప్పారు, అతనికి ఏం నష్టం జరిగింది, మీకు ఏం మిగిలింది, ఆ సమయంలో మనసులో ఏమనుకున్నారు, అన్నీ రాయండి. "అప్పుల ఒత్తిడిలో", "పరిస్థితుల వల్ల", "సైతాను రేపితే" లాంటివి కనిపిస్తే కొట్టేయండి. "పొరపాటు జరిగింది" అనే వాక్యం వద్దు, "నేను చేశాను" అని రాయండి. మిగిలిందే మీ ఒప్పుకోలు. దాన్ని దేవుడి ముందు ఒకసారి, నెమ్మదిగా, పైకి చదవండి. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" అని 1 యోహాను 1:9 చెప్పేది ఇలా పేరు పెట్టి చెప్పిన పాపాల గురించి. "ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అని రోజూ అనడం తప్పు కాదు, కానీ అందులో దాక్కోవడానికి చోటు బోలెడంత ఉంటుంది.

ఆ తర్వాత అదే కాగితం ఒక మనిషి ముందు చదవాలి. కథోలికులైతే ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పవచ్చు. అక్కడ విన్నది ఆయన ఎవరికీ, ఏ కారణం మీదా చెప్పకూడదు. వేరే సంఘాల్లో పాస్టరుగారికి అలాంటి కట్టుబాటు అంత ఖచ్చితంగా ఉండకపోవచ్చు, కాబట్టి చెప్పేముందే "ఇది మీ దగ్గరే ఉంటుందా?" అని అడగండి. ఈసారి పైపైన వద్దు. మీకు పెళ్లయితే భార్యకు కూడా ఈ దశలోనే చెప్పండి. తిరిగి కట్టే డబ్బు ఇంట్లోంచే పోతుంది, ఆఫీసు కబురు ఆమెకు వీధిలోంచి తెలియకూడదు.

అసలు కష్టమైన భాగం ఇక మొదలవుతుంది. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి అదే భాషలో చెప్పుకుందాం. మీ ముందు రెండు ఖాతాలున్నాయి. దేవుడి ఎదుట మీ అపరాధం ఒక ఖాతా. అది మీరు తీర్చగలిగింది కాదు, క్రీస్తు తీర్చాడు. ఆ కుర్రాడికీ ఆఫీసుకీ మీరు పడ్డ బాకీ రెండోది. మొదటిది మాఫీ అయిందన్న రసీదు చూపించి రెండోది ఎగ్గొట్టలేరు. అలాగే రెండోది చెల్లించి మొదటిదానికి జమ వేసుకోలేరు కూడా. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు ముందు వెళ్లాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాత. ఈ వరస తిరగేస్తే మనిషి జీవితమంతా ప్రాయశ్చిత్తం చేసుకుంటూనే ఉండిపోతాడు.

మీరు తీసుకున్నది ఆఫీసు డబ్బు. పోగొట్టింది అతని జీతం, అతని పేరు. మూడింటికీ వేరువేరుగా చూడాలి. చాలామంది డబ్బు దగ్గరే ఆగిపోతారు. పేరు చెప్పకుండా కవర్లో పెట్టి పంపించి గుండె తేలిక చేసుకుంటారు. దానివల్ల ఆఫీసు ఖజానా నిండుతుంది గాని కుర్రాడు దొంగగానే మిగిలిపోతాడు. మీరు చేసిన వాటిలో పెద్దది దొంగతనం కాదు, అబద్ధసాక్ష్యం చెప్పవద్దన్న ఆజ్ఞ మీరడం. ద్వితీయోపదేశకాండము 19:18-19 ప్రకారం అబద్ధసాక్ష్యం చెప్పినవాడికి, తన సహోదరుడికి ఏ శిక్ష పడాలని తలచాడో అదే పడాలి. ఆ శిక్షను ఈరోజు సంఘం అమలు చేయదు. కానీ ఆ పాపాన్ని దేవుడు ఎంత బరువుగా తూచాడో తెలుస్తుంది.

కాబట్టి ముందు పేరు. జరిగింది రాసి, సంతకం పెట్టి ఆఫీసుకి ఇవ్వాలి. దానికి ముందు ఒక న్యాయవాదిని కలవండి. ఇది నేరం కూడా కాబట్టి ఏ మాటకు ఏ పర్యవసానం ఉంటుందో తెలిసి ఇవ్వడం మంచిది. తప్పించుకునే దారి అడగడానికి కాదు, నిజం పూర్తిగా, సరిగ్గా చెప్పడానికి వెళ్లండి. ఏమీ చెప్పకు అని ఆయన అనవచ్చు. అది ఆయన వృత్తి ధర్మం. విని, ఆలోచించి, నిర్ణయం మీరే తీసుకోవాలి. ఉద్యోగం పోతుందా? పోవచ్చు. కేసు పెడతారా? పెట్టవచ్చు. దావీదుకు క్షమాపణ వచ్చిన నోటితోనే నాతాను, బిడ్డ చనిపోతాడనీ నీ ఇంటిని కత్తి విడవదనీ చెప్పాడు. క్షమాపణ దొరికినా పర్యవసానం మిగలవచ్చు. పర్యవసానం మిగిలింది కదా అని క్షమాపణ రాలేదనీ అనుకోవద్దు.

ముందు కుర్రాడి దగ్గరికి వెళ్లి ఆ తర్వాత ఆఫీసు సంగతి చూద్దామని అనిపిస్తుంది, అది సులువు కాబట్టి. అలా చేయకండి. అతని పేరు ఇంకా మురికిగా ఉండగానే వెళ్లి చేతులు పట్టుకుంటే, మిమ్మల్ని బయటపెట్టాలా వద్దా అన్న బరువు అతని నెత్తిన పడుతుంది. జాలిపడి "వదిలేయండి సార్" అన్నాడంటే మీరు ఊపిరి పీల్చుకుని ఇంటికి వస్తారు, నష్టం మాత్రం అతనికే మిగులుతుంది. ఆఫీసుకి ఉత్తరం ఇచ్చిన రోజే, దాని నకలు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లండి. వేరేవాళ్ల నోటి నుంచి అతనికి తెలిసేలోపు వెళ్లాలి. నేరుగా వెళ్లాలి, ఫోన్లో వద్దు. అతను కలవనంటే బలవంతం చేయవద్దు, నకలుతోపాటు ఉత్తరం పంపండి.

చెప్పాల్సింది రెండు నిమిషాలకు మించదు. ఇలా ఉండవచ్చు: "ఆ డబ్బు తీసింది నేను. నీ మీదికి పోయేలా కాగితాలు మార్చింది నేనే. విచారణలో అబద్ధమని తెలిసే నీ మీద చెప్పాను. ఇదంతా రాసి ఇవాళ ఆఫీసుకి ఇచ్చాను, ఇదిగో నకలు. ఉద్యోగం పోయాక నీకు ఆగిపోయిన జీతం నేను కడతాను, ఎంతో నువ్వే లెక్క చెప్పు. నేను చేసింది పాపం. నన్ను క్షమించమని అడుగుతున్నాను, నువ్వు ఇప్పుడే ఏమీ చెప్పక్కర్లేదు." మునుపు నువ్వు అని పిలిచే అలవాటుంటే అలాగే పిలవండి. ఆ రోజు కొత్తగా గౌరవం పెంచితే నటనలా ఉంటుంది.

ఇలాంటి చోట్ల మాట ఎక్కడ చెడుతుందో కూడా చెప్పుకోవాలి. "నీకేమైనా బాధ కలిగి ఉంటే" అనకండి. బాధ కలిగింది, అందులో సందేహం లేదు. అతని ముందు వెక్కివెక్కి ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా అతనిమీదే పడుతుంది. పాస్టరుగారిని తోడు తీసుకెళ్లకండి, ఆయన ముందు అతను మనసులో ఉన్నది అనలేడు. అన్నిటికంటే పెద్ద తప్పు బైబిలు పట్టుకెళ్లి "మీరు మనుష్యుల అపరాధములను క్షమింపక పోయినయెడల" అని అతనికి చదివి వినిపించడం. ఆ వచనం నిజమే, కానీ దాన్ని అతనికి చెప్పే అర్హత ఈ లోకంలో మీ ఒక్కరికి లేదు. అతను తిడితే వినండి. తలుపు వేసేస్తే తిరిగి రండి. "శక్యమైతే మీ చేతనైనంతమట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు పౌలు. అతని చేతిలో ఉన్నది మీ చేతిలో లేదు. అతను క్షమించినా క్షమించకపోయినా దేవుడి క్షమాపణ దాని మీద ఆధారపడి లేదు. ఎదురుగా నిలబడి ఇంకోసారి, ఇంకోసారి అడిగి విసిగించకండి.

డబ్బు సంగతి. ఆఫీసుకి తీసుకున్నది మొత్తం, వీలైతే అయిదో వంతు కలిపి ఇవ్వండి. ఆ అయిదో వంతు ఈ కాలం క్రైస్తవుడికి చట్టం కాదు, కానీ ఎంత ఇస్తే బాకీ తీరినట్టు అన్న ప్రశ్నకు ఒక కొలతగా పనికొస్తుంది. కుర్రాడికి, ఉద్యోగం పోయిన రోజు నుంచి మళ్లీ పని దొరికేదాకా పోయిన జీతం లెక్కవేయండి. దొరికిన పనిలో జీతం తక్కువైతే ఆ తేడా కూడా కలపండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే నెలకింత అని కాగితం మీద రాసివ్వండి, ఆ నెల తప్పకండి. మీరు ఇవ్వాల్సినవాళ్లు చనిపోయి ఉంటే సంఖ్యాకాండము 5:8 చెప్పేది దగ్గరి బంధువుకు ఇవ్వమని, అలాంటివాళ్లూ లేకపోతే దేవుడికని. ఆ చివరిది ముందుకు లాగి, మనిషి బతికుండగానే కానుకపెట్టెలో వేసి సరిపెట్టుకునేవాళ్లు ఉంటారు, అలా చేయవద్దు. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పడం కూడా ఇప్పుడే వద్దు. దానికి మెచ్చుకోళ్లు వస్తాయి, అతని బాకీ అలాగే ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా రాత్రిపూట ఆ గుబులు మళ్లీ రావచ్చు. అప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోండి: నేను చేయాల్సిన పని ఏదైనా మిగిలిందా? మిగిలితే అది చేయండి. మిగలకపోతే మళ్లీ క్షమాపణ అడగకండి, క్షమించినందుకు కృతజ్ఞత చెప్పండి. ఒకే పాపాన్ని పదేపదే అడగడం వినయంలా కనబడుతుంది గాని, మొదటిసారి విన్నవాడు విన్నాడో లేదో అన్న అనుమానమే అందులో ఎక్కువ. "నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అని కూడా చాలామంది అంటారు. మిమ్మల్ని మీరు క్షమించుకోమని బైబిలు ఎక్కడా ఆజ్ఞాపించలేదు. న్యాయాధిపతి తీర్పు ఇచ్చాక దానికి లోబడటమే మిగిలింది. సిగ్గు కొంత జీవితాంతం ఉండవచ్చు. పౌలుకీ ఉంది: 1 తిమోతికి 1:13లో తాను దూషకుణ్ణి, హింసకుణ్ణి అని చెప్పుకున్నాడు, ఆ మాటతోనే కనికరాన్నీ చెప్పాడు.

అయితే, అన్నీ పూర్తయ్యాక కూడా సరిగ్గా ఒప్పుకున్నానో లేదో అని రోజుకు చాలాసార్లు సరిచూసుకోవడం, ప్రార్థన మాటలు తప్పాయని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం, అదే సంగతి పాస్టరుగారిని వారం వారం అడగడం మొదలైతే అది మనస్సాక్షి పని కాకపోవచ్చు. అది మానసిక వైద్యులు గుర్తుపట్టి చికిత్స చేసే జబ్బు కావచ్చు, వైద్యానికి తగ్గేది కూడా. విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. ఇంకొక మాట. యేసును అప్పగించిన యూదా ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చాడు, నిరపరాధ రక్తాన్ని అప్పగించానని ఒప్పుకున్నాడు కూడా. కానీ ఒప్పుకున్నది యాజకుల దగ్గర. వాళ్లు "దానితో మాకేమి?" అన్నారు. ఆ తర్వాత ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు కూడా ఒట్టుపెట్టుకుని మరీ మూడుసార్లు బొంకినవాడే, కానీ మిగతా శిష్యుల మధ్యే ఉన్నాడు, అక్కడే ప్రభువు అతనికి కనిపించాడు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తే, పైన రాసిన వరస దేనికోసమూ ఆగకండి. ఆ రోజే మీ ఇంట్లోవాళ్లకి, డాక్టరుకి చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

సండే స్కూలు సంగతి: ప్రస్తుతానికి ఆపండి. పిల్లలకు అనర్హుడన్న కోపంతో కాదు. ఆఫీసులో సంగతి బయటికొచ్చిన రోజు ఆ పిల్లలూ తల్లిదండ్రులూ దాన్ని మీ తరగతిలోనే వినాల్సిరావడం మంచిది కాదు. పాస్టరుగారికి కారణం చెప్పి తప్పుకోండి. మళ్లీ ఎప్పుడన్నది మీరు కాదు, సంఘ పెద్దలు నిర్ణయించాలి.

బల్ల విషయంలో 1 కొరింథీయులకు 11:28 తనను తాను పరీక్షించుకుని తినమంటుంది, పరీక్షించుకుని దూరంగా ఉండమనదు. మత్తయి 5:23-24 మాత్రం నీ మీద సహోదరుడికి విరోధమేమైనా ఉందని జ్ఞాపకమొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమంటుంది. రెండూ కలిపి చూస్తే మా సలహా ఇది: కథోలికులైతే పాపసంకీర్తనం అయ్యేదాకా ఆగండి, మీ సంఘం నియమమే అది. మిగతావాళ్లైతే పాస్టరుగారి ముందు ఆ కాగితం చదివి, న్యాయవాదిని కలిసే తేదీ, ఆఫీసుకి ఉత్తరం ఇచ్చే తేదీ ఆయనతో కలిసి రాసుకున్నాక బల్లలో చెయ్యి వేయండి. ఆ తేదీలు నెలలోపు ఉండాలి. దాటిపోతే ఎందుకు దాటిందని అడిగే బాధ్యత ఆయనకే అప్పగించండి.